మూడోసారీ అక్కడే దిగింది

"ఇవ్వను," అంది టైలరమ్మ.

మేడ మీద ఉన్న ఒంటి గది అది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. ఆమె వెనక కుట్టు మిషన్ మీద, సగం కుట్టిన స్కూలు చొక్కాల పక్కన, బూడిదరంగు పావురం ఒకటి దర్జాగా కూర్చుని ఈకలు సవరించుకుంటోంది.

ఎదురుగా బస్సు డ్రైవరు. చేతిలో వెదురు బుట్ట. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"ఇవ్వననడానికి అది మీదా? కాలి రింగు మీద నంబరు చూసి మా పావురాల పందేల క్లబ్బుకి చెప్పింది మీరే కదా. వాళ్ళు నాకు చెప్పారు, నేనొచ్చాను. ఇప్పుడు అడ్డం తిరిగితే ఎలాగమ్మా?"

"మొదటిసారి ఇచ్చాను. రెండోసారీ ఇచ్చాను. ఇవాళ పొద్దున ఫోన్లో ఏమన్నారో ఒకసారి మళ్ళీ అనండి."

డ్రైవరు బుట్ట ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నోరు రావట్లేదా? నేను చెప్తాను. 'నేనొచ్చేదాకా ఎందుకు, మెడ తిప్పి పారేయండి' అన్నారు."

"అన్నాను. తప్పేముంది? పందెం పావురానికి ఉండాల్సిన విద్య ఒక్కటే. ఎక్కడ వదిలినా ఇంటికి రావాలి. నావి మిగతావన్నీ నిన్న మధ్యాహ్నానికల్లా గూటికి చేరాయి. ఇది మాత్రం మూడు పందేల్లో మూడుసార్లూ దారి తప్పి, తగుదునమ్మా అని మీ మేడ మీద దిగింది. క్లబ్బులో తలెత్తుకోలేకపోతున్నాను. 'ఏమయ్యా, మీ పావురం జాకెట్టు కుట్టించుకోడానికి వెళ్ళిందా?' అంటున్నారు. ఇలాంటిదాన్ని ఉంచితే దీని పిల్లలకీ ఇదే బుద్ధి వస్తుంది. మాలో ఎవరూ ఉంచరు."

మూల కూర్చుని కాజాలు కుడుతున్న అత్తగారు కళ్ళద్దాల పైనుంచి చూసింది. "దారి తప్పినవాళ్ళందరి మెడలూ తిప్పుకుంటూ పోతే ఈ వీధిలో మగాడనేవాడు మిగలడు నాయనా."

"మీకు నవ్వులాటగా ఉంది పెద్దమ్మా. అసలు దీన్ని చెడగొట్టిందే మీ కోడలు. మొదటిసారి దిగినప్పుడే గింజలూ నీళ్ళూ పెట్టి అలవాటు చేసింది. తిండికి మరిగింది."

"ఎండకి సొమ్మసిల్లి నోరు తెరిచినదానికి గుక్కెడు నీళ్ళు పట్టడం చెడగొట్టడమా?" టైలరమ్మ గొంతు పెరిగింది. "తిండికే అయితే మీ గూట్లో లేదా తిండి? కిలోమీటర్ల కొద్దీ ఎగిరి నా దగ్గరికే ఎందుకొస్తోంది? మీ దగ్గర దొరకని ప్రేమ ఇక్కడ దొరికింది. అదీ సంగతి."

"ప్రేమా! పావురానికా!" డ్రైవరు బుట్ట ముందుకు పట్టుకుని గుమ్మంలోకి ఒక కాలు పెట్టాడు. ఆమె పక్కనున్న బల్ల మీది పెద్ద కత్తెర అందుకుంది. పెట్టిన కాలు అంతే వేగంగా వెనక్కి వెళ్ళింది.

"పోలీసుల్ని తీసుకొస్తాను."

"తీసుకురండి. ఆ బుట్ట దేనికి తెచ్చారో వాళ్ళకీ చెప్పండి."

అత్తగారు సూది పక్కన పెట్టింది. "ఇల్లు అద్దెకిచ్చినాయన చెవిన పడితే బాగోదే. ఇచ్చెయ్. ఎవరి సొత్తు వాళ్ళది. పిట్ట కోసం పేచీ ఏమిటి?"

"ఇవ్వనత్తయ్యా. నన్ను నమ్మి నా మిషన్ మీద కూర్చుంది. నా చేత్తోనే పట్టి, బుట్టలో పెట్టి, తీసుకెళ్ళి చంపుకోండి అని చెప్పమంటారా?"

పావురం మిషన్ మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది.

టైలరమ్మ ఫోన్ తీసింది. "మీ క్లబ్బు సెక్రటరీ గారినే అడుగుదాం. ఇది దారి తప్పిన పావురమే అని ఆయన నోటితో అంటే ఇచ్చేస్తాను. మాటంటే మాటే."

వచ్చినప్పటినుంచీ మొదటిసారి డ్రైవరు నవ్వాడు. "అడగండమ్మా. మూడు పందేల లెక్కా రాసింది ఆయనే."

స్పీకరులో సెక్రటరీ దగ్గు వినిపించింది. ఇద్దరి వాదనా ఓపిగ్గా విన్నాడు. నంబరు ఇంకోసారి చెప్పమన్నాడు.

"ఉందమ్మా, దీని పేజీ నా ముందే ఉంది. మూడు పందేల్లోనూ గూటికి చేరలేదు. ఆయన చెప్పింది నిజమే."

డ్రైవరు బుట్ట మూత తీశాడు. టైలరమ్మ గుమ్మం వదల్లేదు. కానీ కత్తెర పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. ఇచ్చిన మాట ఆమెది.

"ఇంతకీ మీ ఇల్లెక్కడమ్మా?" అన్నాడు సెక్రటరీ. "మూడుసార్లు ఫోన్ చేశారు. నంబరు రాసుకుని ఓనరుకి చెప్పడమే గానీ, మీ ఇల్లెక్కడో మేమెప్పుడూ అడగలేదు."

ఆమె వీధి పేరూ ఇంటి నంబరూ చెప్పింది. "మేడ మీద గది," అంది నీరసంగా.

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ తిప్పుతున్న చప్పుడు.

"డ్రైవరు గారూ, దీన్ని పిల్లప్పటినుంచీ మీరే పెంచారా?"

"లేదండీ. పెద్దదాన్నే కొన్నాను, ఒక బేరగాడి దగ్గర. ఎందుకూ?"

"ముందు ఆ బుట్ట మూత వెయ్యండి. అది దారి తప్పలేదు. మీ పావురాలన్నిటికన్నా సూటిగా ఇంటికెళ్ళింది, మూడుసార్లూ. అమ్మా, పిల్లప్పుడు దీనికి రింగు వేసినప్పటి చిరునామా మీ గదిదే. మీకు ముందు ఆ గదిలో అద్దెకున్నవి పావురాలు."