నేను వెళ్ళలేదు

సూపరింటెండెంటు కాగితాన్ని కొత్తమ్మాయి ముందుకు తోశాడు.

తనిఖీకి వెళ్ళామని, వెల్డింగ్ షాపు యజమాని లెక్కలు చూపించకుండా షట్టరు దించేశాడని అందులో ఉంది. ఆమెతో పాటు చేరిన ఇద్దరూ అప్పటికే సంతకాలు పెట్టేశారు.

ఆ షాపు ఏ వీధిలో ఉందో ముగ్గురికీ తెలియదు.

"మనం వెళ్ళలేదు కదండీ."

"పన్నుల ఆఫీసులో కాళ్ళు ఆడక్కర్లేదమ్మా. చెయ్యి ఆడితే చాలు."

ఇద్దరూ నవ్వారు. ఆమె పెన్ను తీయలేదు.

ఆమెది ఇంకా ప్రొబేషన్. ఉద్యోగం ఖాయం చేయమని పైకి రాయాల్సింది ఆయనే. రేపటిదాకా ఆలోచించుకోమన్నాడు. మొండికేస్తే గోడాయన పక్కన ఇంకో కుర్చీ వేయిస్తానన్నాడు.

గోడాయన కూర్చునేది మెట్ల కింద, గోడకు ఎదురుగా. ఆయనకు పని ఇవ్వరు. లంచం తిని దొరికిపోయాడని చేరిన రోజే ఆమెకు చెప్పారు. పొద్దున్నే ఆయన నమస్కారం పెట్టేవాడు. ఆమె చూడనట్టు మెట్లెక్కేది.

ఆ సాయంత్రం ఆయన కుర్చీలోంచి లేచి ఎదురొచ్చాడు.

"సంతకం పెట్టమ్మా. కాకపోతే పైన 'నేను వెళ్ళలేదు' అని రాసి పెట్టు."

"మీ సలహా నాకక్కర్లేదు" అని వెళ్ళిపోయింది.

ఇంట్లో అమ్మ సంతకం పడేసి ఊరుకోమంది. గవర్నమెంటు ఉద్యోగమని వీధంతా చెప్పుకున్నానని, ఇప్పుడు తలెక్కడ పెట్టుకోవాలని అడిగింది.

మర్నాడు ఆమె 'నేను వెళ్ళలేదు' అని రాసి, కింద సంతకం పెట్టింది.

సూపరింటెండెంటు రెండుసార్లు చదివాడు.

"ఉద్యోగానికి నువ్వే నీళ్ళొదులుకున్నావు."

"పోతే పోనివ్వండి. వెళ్ళని చోటికి వెళ్ళానని మాత్రం రాయను."

ఆమెను తీసేయమని ఆయన పైకి రాశాడు. హెడ్డాఫీసు నుంచి పిలుపొచ్చింది. అక్కడ విచారణ చేసినావిడ ఎక్కువసేపు కూర్చోబెట్టలేదు. కళ్ళతో చూడనిదాన్ని చూసినట్టు సంతకం పెట్టలేదన్న కారణంతో కొత్తవాళ్ళను తీసేయడానికి వీల్లేదని రూలుందంది. ఆ రూలు మీ ఆఫీసులో ఎవరూ చెప్పలేదా అని విసుక్కుంది. ఇలా రాయమని సలహా ఎవరిచ్చారని కూడా అడిగింది.

"ఎవరూ ఇవ్వలేదండీ. నేనే రాశాను."

ఆమె తిరిగొచ్చేసరికి మెట్ల కింద కుర్చీ ఖాళీగా ఉంది. గోడాయన నిన్ననే రిటైరయ్యాడని, ఎవరూ ఒక టీ కూడా ఇప్పించలేదని అటెండరు చెప్పాడు.

ఆమె పైకెళ్ళి సూపరింటెండెంటు ఎదుట నిలబడింది.

"వెల్డింగ్ షాపుకి ఎప్పుడు వెళ్దామండీ? ఈసారి నిజంగానే."

ఆయన ఇంకో ఫైలు ముందుకు లాక్కున్నాడు.

"అలాంటి రూలొకటుందని మీకు తెలియదా అండీ?"

"తెలియకేం?" అన్నాడు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే 'నేను వెళ్ళలేదు' అని రాసి, కోర్టుకెక్కి, ఆ రూలు తెచ్చి మా నెత్తిన పెట్టాడనే కదా, ఆ ముసలాణ్ణి ఇన్నేళ్ళూ గోడవైపు కూర్చోబెట్టింది."