నిలబడితే వేడిగాలి

ముందే ఒప్పుకుంటున్నా. రోడ్డు మీద బానెట్ ఎత్తి ఉన్న కారు కనిపిస్తే నేను ఆగకుండా ఉండలేను. లోపలికి తొంగిచూసి, "బ్యాటరీ అయ్యుంటుందండీ" అనేసి వెళ్ళిపోతా. నేనే కాదు, లోకమంతా అంతే. ఆ నమ్మకంతోనే ఈ మొగుడూపెళ్ళాలు గడియారాల షాపు దోచుకోవడానికి బయల్దేరారు.

ప్లాను పెళ్ళానిది. మొగుడు కార్ల ఏసీ మెకానిక్. ఆయన అత్తగారి కారు తీసుకెళ్ళి షాపు ముందు ఆపి, ఇంజను ఆపకుండా బానెట్ ఎత్తి, తల గోక్కుంటూ నిలబడాలి. సలహాలివ్వడానికి షాపంతా బయటికొస్తుంది. ఆవిడ లోపలికెళ్ళి సంచి నింపుకుంటుంది.

"నిజంగానే ఏదో ఒకటి పాడవ్వాలి కదే. ఏం పాడుచెయ్యను?"

"నీ ఇష్టం. సాయంత్రానికి కారు మాత్రం గీత పడకుండా ఇంటి ముందుండాలి. లేదంటే, పోలీసుల దాకా ఎందుకు, మా అమ్మే చూసుకుంటుంది మన సంగతి."

అందుకని ఆయన బానెట్ కింద ఏసీని చల్లబరిచే ఫ్యానుకి కరెంటు అందించే రిలే పీకి జేబులో వేసుకున్నాడు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, నల్ల డబ్బా. అది లేకపోతే బండి నడిచినంతసేపూ ఎదురుగాలికి ఏసీ చల్లగానే వస్తుంది. నిలబడితే వేడిగాలి.

బానెట్ ఎత్తాడో లేదో, షాపు తలుపు తెరుచుకుంది. మేనేజరు, సేల్స్‌మాన్, గార్డు, ముగ్గురూ వచ్చేశారు. మేనేజరు చేతిలో బరువైన సంచి. "చేతులు ఖాళీగా ఉండాలి కదండీ" అంటూ దాన్ని కారు వెనక సీట్లో పెట్టాడు. గార్డు చొక్కా గుండీలు పొట్ట దగ్గర అందలేదు. రోడ్డవతల పెళ్ళాం తలుపు మీదే కన్నేసి నెమ్మదిగా కదిలింది.

"ఏమైంది బాబాయ్?" అన్నాడు సేల్స్‌మాన్.

"ఆగితే ఏసీ వేడిగాలి కొడుతోంది."

"గ్యాస్ అయిపోయుంటుంది," అన్నాడు గార్డు.

తలూపి ఊరుకుంటే సరిపోయేది. ఆయనకి నాలుక దురద పెట్టింది. "గ్యాస్ అయిపోతే నడిచేటప్పుడూ చల్లగా రాదుగా."

"అయితే కంప్రెసర్ పోయింది. మా బావమరిది బండికీ ఇంతే, మార్చేశారు."

"కంప్రెసర్ తిరుగుతోంది, చూడు. మీ బావమరిదిని ఎవడో ముంచాడు."

"ఇదంతా ఎందుకండీ," అన్నాడు మేనేజరు, షాపు వైపు ఓసారి చూసి. "ఒక రౌండ్ వేస్తే అదే చల్లబడుతుంది. నేను నడుపుతా, ఇవ్వండి."

"అది రిపేరు కాదు సార్. దగ్గొస్తోందని నోరు మూసుకోవడం."

"గ్యాసే," అన్నాడు గార్డు మళ్ళీ.

ఇక ఆయన వల్ల కాలేదు. ప్లాను, పెళ్ళాం, గడియారాలు, అన్నీ మర్చిపోయి జేబులోంచి రిలే తీసి దాని చోట్లో నొక్కాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"ఎక్కి కూర్చోండి. బండి అంగుళం కదలక్కర్లేదు. చల్లగాలి రాకపోతే నా పేరు మార్చుకుంటా."

ముగ్గురూ ఎక్కారు. మేనేజరు స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు.

"వస్తోందా?"

"మంచులా వస్తోంది బాబాయ్," సేల్స్‌మాన్ అద్దం దించి చెప్పాడు. "గ్యాస్ కాదు. ఒప్పుకున్నాం."

గార్డు కూడా తలూపాడు. మొగుడి కడుపు నిండిపోయింది. బానెట్ జాగ్రత్తగా దించాడు. కారు కదిలింది. ఎలాగూ రౌండ్ వేస్తామన్నారుగా అనుకుని చెయ్యి కూడా ఊపాడు.

పెళ్ళాం షాపులోంచి పరిగెత్తుకొచ్చింది. చేతిలో ఖాళీ సంచి.

"లోపల ఒక్క గడియారం లేదు. నిన్న నాకు గడియారాలు చూపించిన మేనేజరూ, సేల్స్‌మానూ, ఆ గార్డూ కౌంటర్ వెనక ఉత్త బనియన్ల మీద, తాళ్ళతో కట్టేసి ఉన్నారు. కారేది?"

మీలో ఎవరైనా, పారిపోవడానికి బండి వెతుక్కుంటున్న దొంగలకి అత్తగారి కారు, అదీ ఏసీ బాగుచేసి మరీ అప్పజెప్పి ఉంటే, ఆ సాయంత్రం ఆవిడకి ఏం చెప్పారో నాకు తప్పకుండా రాయండి.