చెక్క తలుపు అవతల

ఉన్నమాట ఒప్పేసుకుంటే పోతుంది: ఈ కథలో అమ్మాయికి చనిపోయిన నాన్న మీద ఇంకా కోపమే. అదీ ఒక టీవీ సీరియల్ ఏడో ఎపిసోడ్ ముగింపు కోసం.

"ఇంతకీ ఆ ముగింపు ఎవరు మింగేశారమ్మా?" అన్నాడు స్టూడియో టేపుల గది పెద్దాయన, పాత ప్లేయర్ మీద కప్పిన గుడ్డ లాగుతూ.

"మా నాన్నే, బాబాయ్. ఇక్కడే సెట్ల వడ్రంగి. ఆ రాకెట్ తలుపు ఆయన చేసిందే. చెక్క మీద వెండి రంగు."

"ఓసినీ! పిచ్చుకవి నువ్వేనా? ఆయన నోట ఇంకో మాట ఉండేది కాదు."

పిచ్చుక వీడియో ఇంజనీరు. మూలపడ్డ టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమెకు కూడు పెట్టే పని. ఏడో ఎపిసోడ్ మాత్రం కూడూ కాదు, గుడ్డా కాదు, పిచ్చి.

ఇంట్లో ఉన్న టేపు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. రాకెట్లో ఒక్కతే ఆడమనిషి. భూమితో మాటలు తెగిపోయాయి. బయట చుక్కలు తప్ప ఏమీ లేవు. అలాంటి చోట ఎవరో తలుపు తడతారు. భూతాల్లేవు, తుపాకుల్లేవు. తీయనా వద్దా అని ఆవిడ ఆ తలుపుతో మాట్లాడటమే ఎపిసోడంతా. ఆ చప్పుడు కూడా వింతే. ఎక్కడో కింద, మోకాలెత్తులో, ఒక పద్ధతీ పాడూ లేకుండా. ఒక్కసారే ప్రసారమైన ఆ ఎపిసోడ్‌ని ఈ తరం అభిమానులు చూసింది పిచ్చుక ముగింపు లేకుండా పెట్టిన ముక్కే. పాకే జంతువని వాళ్ళల్లో సగం మంది, మరమనిషని మిగతా సగం. వాళ్ళ పేజీలో ఆ గొడవ ఇప్పటికీ ఆరలేదు.

"చివరికి పిడి తిప్పుతుంది బాబాయ్. తలుపు సందు కనబడుతుంది. అంతే, మా వంటగది ఊడిపడుతుంది! అప్పటిదాకా నలుపూ తెలుపూ, ఇది రంగుల్లో. ఏడాది పిల్లని నేను, నెత్తిన గిన్నె బోర్లించుకుని, చేతిలో గరిటెతో తప్పటడుగులు. మాటా లేదు, పాటా లేదు. నెమ్మదిగా చీకటైపోతుంది. నాన్న అసలు ముగింపు చెరిపి, దాని మీద నన్ను ఎక్కించేశాడు."

"కూతురి మొదటి నడక కన్నా గొప్ప ముగింపు ఏముంటుందే?"

"నడక రేపూ నడుస్తాను కదా! ఆవిడ ఇల్లు చేరిందో లేదో నాకెవరు చెప్తారు?"

పెద్దాయన నవ్వాడు.

"అప్పట్లో మీరు చూళ్ళేదా?"

"మా ఆవిడ చూసింది. నేను సరిగ్గా అప్పుడే మంచినీళ్ళకి లేచాను. వచ్చేసరికి ఏడుస్తోంది. ఎందుకే అంటే ఇంకా ఏడ్చింది."

"భయపడా?"

"మా ఆవిడా? దెయ్యాలే పక్కకి తప్పుకుంటాయమ్మా. ఇప్పుడడిగితే ఏ సీరియల్ అంటుంది."

ఫోన్ మోగింది. అమ్మ.

"దొరికిందా?"

"ఇదిగో, పెట్టబోతున్నాం. అసలెందుకు చెరిపాడమ్మా?"

"నన్నడుగుతావేం? నీ పాలూ నీ బట్టలూ చూసుకోడానికే పొద్దు చాలేది కాదు, ఆ డబ్బా రాకెట్లు నేనెక్కడ చూశాను? ఓ ఆదివారం ఆఫీసు కెమెరా అడిగి తెచ్చాడు. నీ వెనకాలే నేల మీద దేకుతూ తీశాడు. తర్వాతెప్పుడో ఆ సీరియల్ టేపు తెచ్చి, పిచ్చుక పెద్దయ్యాక చూపిస్తానని బీరువాలో దాచాడు. చూపించేలోపే... ఆయన్నేమీ అనకు."

"అనట్లేదులే. కానీ సరిగ్గా తలుపు దగ్గరే కోశాడు చూడు, ఒక్క గీత పడకుండా! ఇంత చదివి నాకే చేతకాదు."

"వడ్రంగి కదే. కొలిచే కోస్తాడు."

పెద్దాయన అట్టపెట్టె మీద దుమ్ము ఊదాడు. గది ఖాళీ చేస్తుంటే బీరువా వెనక దొరికిందట.

"ఇది ఒరిజినల్. ప్రసారానికి పంపింది ఇందులోంచే. ఈ స్టూడియో గడప దాటలేదు, మీ నాన్న చెయ్యి పడే దారే లేదు. కాకపోతే జిగురు పట్టింది. ఒక్కసారి ఆడితే మహాభాగ్యం."

"ఒక్కసారి చాలు."

పిచ్చుక ప్లేయర్ లోపలంతా మెత్తటి గుడ్డతో తుడిచింది. పెద్దాయన టేపు తోశాడు. తెర వణికి, నిలబడింది. ఇద్దరూ రెప్ప వేయకుండా చూశారు. పెద్దాయన మధ్యలో ఒకసారి దాహమన్నాడు.

"కదిలారంటే ఊరుకోను," అంది పిచ్చుక.

చివరికి చప్పుడు మొదలైంది. కింద, మోకాలెత్తులో. ఆవిడ పిడి మీద చెయ్యి వేసింది. నాన్నా, ఇప్పుడెలా అడ్డొస్తావో చూస్తాను, అనుకుంది పిచ్చుక.

పిడి తిరిగింది. వెండి రంగు చెక్క తలుపు కిర్రుమని తెరుచుకుంది. తెరంతా రంగులు నిండాయి.

అవతల, నెత్తిన గిన్నెతో, చేతిలో గరిటెతో, పిచ్చుక.