అత్తయ్య కణాలు

“అత్తయ్యా, ఇవాళ నాకు కాస్త ధైర్యం చెప్పండి,” అని ఇంక్యుబేటర్‌లోని ఫ్లాస్కుతో అనబోయి ఆమె నాలుక కరుచుకుంది. అందులో ఉన్నది అత్తయ్య కాదని నిన్ననే తేలింది.

అత్తయ్యను ఆమె ఎన్నడూ చూడలేదు. క్యాన్సర్‌తో పోయేముందు ఆవిడ కణితిలోంచి తీసిన కణాలను కొడుకే తన ల్యాబులో పెంచుతున్నాడు. వాటికి ఆహారం పోసే ఉద్యోగంలో చేరిన అమ్మాయి, రోజూ వాటిని పలకరిస్తూ పలకరిస్తూ ఆయనకే ఇల్లాలయింది. ఆ కణాల మీద కొత్త మందు పనిచేసిందని ఇద్దరి పేర్లతో జర్నల్‌లో పరిశోధన పేపరు కూడా వచ్చింది. ఆయన మాత్రం మైక్రోస్కోపు దగ్గరికి రాడు. తల్లిని అలా చూడలేడు కాబోలని ఆమె జాలిపడేది.

పెళ్లయి నెల కాలేదు. ల్యాబులో “సార్”, ఇంట్లో “ఏమండీ”. రెండూ తారుమారైనప్పుడల్లా ఇద్దరికీ నవ్వు ఆగదు.

“సార్... ఏమండీ...”

“ముందు ఏదో ఒకటి తేల్చుకో,” ఆయన తలెత్తకుండానే నవ్వాడు.

“మీకు చెప్పకుండా మన కణాలను గుర్తింపు పరీక్షకి పంపాను. మీ పుట్టినరోజుకి ఆ రిపోర్టు ఫ్రేము కట్టించి, ‘ఇదిగో మీ అమ్మ’ అని ఇద్దామనుకున్నా.”

ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

“అవి అత్తయ్యవి కావండీ. పక్క అరలో ఎప్పటినుంచో పెంచుతున్న, వేరే ఎవరివో క్యాన్సర్ కణాలు. ఆవిడది ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. ఆహారం పోసేటప్పుడు రెండింటికీ ఒకే పిపెట్టు వాడేశానేమో! ఆవిణ్ణి మీకు రెండోసారి దూరం చేశాను.”

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన చేతిరుమాలు అందించాడు.

“ఊరుకో.”

“ఎలా ఊరుకోను? ఆ పేపరు నమ్మి రేపోమాపో మందును రోగులకి ఇస్తారు. పేపరు వెనక్కి తీసుకోవాల్సిందే. జర్నల్ వాళ్లకి ఉత్తరం కూడా రాసేశా, చూడండి. ‘నా చేతిలో పొరపాటున వేరే కణాలు కలిసిపోయాయి.’ తప్పు చేసినట్టు నా ఒక్కదాని పేరే పెట్టాను.”

ఆయన కంప్యూటరు తెర మీది ఉత్తరం చదివాడు.

“నీ పేరు తీసెయ్.”

“నా మీద జాలిపడకండి.”

“జాలి కాదు. అమ్మ కణాలు నువ్వు రాకముందే చచ్చిపోయాయి.”

ఆమె చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

“‘పొరపాటున’ అన్న మాట కూడా తీసెయ్.”