ఆరీ ఆరని గది

వరద తగ్గిందో లేదో, గడపలో ఎవరో వచ్చి నిలబడ్డాడు.

"ఇంట్లో అందరూ బతికే ఉన్నారా అమ్మా?"

ముసలమ్మకు ఒళ్లు మండింది. పొద్దున్నే అడగాల్సిన మాటేనా అది? ఉన్నారు, నీకేం కావాలంది.

పార ఉంటే ఇమ్మన్నాడు.

పిలవకుండా సాయానికి వచ్చేవాణ్ణి ఎవరు నమ్ముతారు? కానీ కోడలికి నెలలు నిండాయి. పురుడొచ్చేలోగా ఒక్క గదైనా ఆరాలి. వరదకు తలదాచుకున్న బడి వరండాలో అంతమంది మధ్య ఎలా కంటుంది? కొడుకు పార తెచ్చిచ్చాడు.

ఆ మనిషి మోకాలి లోతు బురద తోడాడు. నానిపోయిన తలుపులు ఊడదీసి ఎండకు ఆనించాడు. గోడల పెచ్చులు గోకాడు. బురదలో గుడ్డపీలిక దొరికినా కడిగి, మీదేనా అమ్మా అని చూపించేవాడు.

ముసలమ్మ నోరు మాత్రం ఊరుకుంటేగా. ఆనకట్ట గేట్లు ఎత్తినవాణ్ణి లేచింది మొదలు తిట్టేది. వాడి చేతులు పడిపోనూ అనేది.

అతను నోట్లో నాలుక లేనట్టు వింటూ గోకుతూనే ఉండేవాడు.

"అత్తయ్యా, మీ తిట్ల వేడికే గోడలు ఆరిపోయేట్టున్నాయి" అని కోడలు నవ్వేది.

గది ఓ దారికొస్తుండగా ఎదురింటి మేస్త్రి వచ్చాడు. అతణ్ణి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వీణ్ణెవరు రానిచ్చారు పిన్నీ? గేట్లు ఎత్తింది వీడే."

ముసలమ్మ చీపురు తిరగేసింది. కొడుకు చొక్కా పట్టుకుని వీధిలోకి నెట్టాడు.

అతను పడ్డచోటి నుంచి లేచి, "కిటికీలు మూయకండమ్మా, గది ఇంకా పచ్చిగానే ఉంది" అన్నాడు.

కోడలు ఆ గదిలోనే పండంటి ఆడపిల్లను కంది.

పిల్లను చూడ్డానికి కోడలి మేనమామ వచ్చాడు. ఆనకట్ట దగ్గర కాపలా ఉద్యోగం ఆయనది. కబుర్ల మధ్య ఆయనే చెప్పాడు. వరదొచ్చిన వేళ కట్ట బీటలిచ్చిందట, ఫోన్లు మూగబోయాయట. పైవాళ్ల మాట కోసం ఆగితే ఊరు ఊరంతా ఒక్క ఊపున తుడిచిపెట్టుకు పోయేదట. గేట్ల దగ్గర పనిచేసే అతనొక్కడే వాటిని కొంచెం కొంచెంగా ఎత్తుతూ నీళ్లు వదిలాడు కాబట్టి, జనానికి మేడలెక్కే వ్యవధి దొరికింది. ఇప్పుడు చూస్తే మనిషి జాడే లేదట.

కొడుకు తల ఎత్తలేదు.

"ఇంటికి పోయుంటాడు" అంది ముసలమ్మ. "ఇల్లెక్కడో చెప్పండి అన్నయ్యగారూ, నేనే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

ఆయన ఒళ్లోని పిల్లను కోడలికి అందించాడు.

"గేట్ల కిందున్న మొట్టమొదటి ఇల్లు అతనిదేనమ్మా, పెళ్లాం, బిడ్డా లోపలున్నారని తెలిసే ఎత్తాడు."