గుండుసూదుల చెట్టు

మోటారు రంపం మొదటి లాగుడుకి అంటుకోలేదు. రెండోసారి తాడు లాగబోతుంటే ఒకావిడ వచ్చి చెట్టుకీ రంపానికీ మధ్య నిలబడింది. నెరిసిన జుట్టు. మెడలో నల్లతాడుకి వేలాడుతున్న చిన్న భూతద్దం.

“పక్కకి రండమ్మా, మీద పడుతుంది,” అన్నాడు రంపం మనిషి.

ఆవిడ కదల్లేదు. అతను వెళ్లి అటవీ అధికారిని పిలుచుకొచ్చాడు.

అధికారి ఈ అడవికి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. భూతద్దం చూడగానే విషయం అర్థమైపోయిందనుకున్నాడు.

“మీరూ ఇక్కడ పరిశోధనలు చేసే యూనివర్సిటీ బాపతేనా? ఇది చచ్చిన చెట్టు మేడమ్. బెరడు కూడా మిగల్లేదు. దీంతో మీకేం పని?”

“చచ్చింది కాబట్టే పని. ఒక్కసారి ఇలా వచ్చి చూడండి.”

చెట్టు ఒక పక్కకి వాలి ఉంది. వాలిన వైపు అడుగున వాన తగలదు. అక్కడి పొడి కర్ర మీద భూతద్దం పట్టి ఆయన్ని చూడమంది. ఆయన విసుగ్గానే వంగాడు. వంగినవాడు కాసేపటిదాకా లేవలేదు.

కర్ర నిండా ఎవరో గుండుసూదులు గుచ్చినట్టుంది. వెంట్రుకల్లాంటి కాడలు. ఒక్కో కాడ మీద ఒక నల్లటి తల.

“లైకెన్ అంటారు, నాచులాంటిదే. ఈ రకం లేత చెట్ల మీద రాదు. ముసలి అడవిలో, ఇలా నిలబడే ఎండిపోయిన మానుల మీద వస్తుంది. దీన్ని కొట్టేసి ఎన్ని మొక్కలు నాటినా మన మనవల కాలానికి కూడా రాదు. ఇవన్నీ కిందటి నెల ఇక్కడ చనిపోయిన అమ్మాయి చెప్పినవే.”

ఆయన ముఖం మారింది. “మీ స్టూడెంటా?”

“నేనే తన స్టూడెంటుని. వీటి పేరెత్తితే చెవి కోసుకునేది. సగం నా బుర్రకెక్కేది కాదు.”

“మరి తను ఎలా పోయిందో తెలుసుగా. ఈ చెట్టు కొమ్మే విరిగి తల మీద పడింది. అయినా దీన్నే కాపాడమంటున్నారు. మనిషి కన్నా ఈ బూజు ఎక్కువైందా మీకు?”

కొమ్మ విరిగిన చోట కర్ర ఇంకా తెల్లగానే ఉంది. ఆవిడ తలెత్తి అటు చూడలేదు.

“దీని కిందుగా పోయే కాలిదారిని అటు తిప్పించండి,” అంది. “చుట్టూ కంచె వేయండి. ఇంకెవరూ దీని కిందకి రాకుండా చూడండి. చెట్టుని మాత్రం ఉండనివ్వండి. ఆ పిల్ల ఆఖరిసారి చూసింది వీటినే.”

రంపం మనిషి రంపాన్ని మెల్లగా కింద పెట్టాడు.

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నాకూ కూతురుంది మేడమ్. ఆ అమ్మాయి తల్లి ఈ చోటు చూడాలని ఇవాళ వస్తోందట. ఈ చెట్టు ఆమె కంటపడకూడదనే పొద్దున్నే రంపం తెప్పించాను. సరే, కంచె వేయిస్తాను. దారీ మార్పిస్తాను. కానీ ఆ తల్లి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మాత్రం నన్నాపొద్దు.”

“ఒప్పుకుంటున్నాను,” అంది ఆవిడ.