ఫారంలో లేని పది నెలలు

మడకశిర బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచేసరికి హరినాథ్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. రోజుకు ఆరు ఇళ్లు. ఇది ఐదోది. కొత్తగా ఉద్యోగానికి ఎంపికైనవాళ్లు ఫారంలో రాసినవి నిజమో కాదో వాళ్ల ఊళ్లకు వెళ్లి విచారించడం అతని పని.

గుమ్మంలో కూర్చుని తిప్పమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. కాయకొక గింజ. ఆ ఏటి వానకు అంతే.

"సునంద వాళ్లమ్మ మీరేనా?"

"నేనే సార్. బెంగళూరు పని ఖాయమైనట్లేనా?"

ఆమె ముఖంలో ఆశ చూసి హరినాథ్ కాగితాల్లోకి తల దించుకున్నాడు.

"ఇదే మొదటి ఉద్యోగమని రాసిందమ్మా. కరోనా ఏడాది హిందూపురం వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో పది నెలలు చేసినట్టు ఆమె ఆధార్ మీద పీఎఫ్ ఉంది. పొద్దున ఫోన్ చేస్తే, నేనెక్కడా పనిచేయలేదు అంటుంది."

"అవు సార్. యాడికీ పోలేదు. ఫోన్లో పాఠాలు వినుకుంటా ఇంట్లోనే ఉండె."

"పనిచేయడం తప్పు కాదు, దాచడమే తప్పు. ఎందుకు దాచిందో చెబితే కంపెనీ సర్దుకుంటుంది. కాదు, లేదు అంటే ఉద్యోగం పోతుంది."

తిప్పమ్మ చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది.

"పోయినాది సార్" అంది చివరికి. "డిగ్రీ సదివే పిల్ల కాలర్లు కుట్టిందంటే నవ్వుతారని సిగ్గుపడి చెప్పల్యా."

"కష్టమైన పనేనా?"

"ఏమడుగుతావు సార్! తెల్లారి ఐదుకే వ్యాను. ఆధార్‌లో వయసు ముప్పై ఐదు దాటితే గేటు కాడే ఎనక్కి పంపుతాండిరి. మూతికి గుడ్డ, నెత్తికి టోపీ. పక్క మిషను ఆమె మొగమే తెలీదు. నీళ్లకి లేసినా సూపర్‌వైజరు తిడతాండె. ఒగనాడు సూది బొటనేల్లో దిగి గోరు రెండుగా చీలిపాయ. గుడ్డ సుట్టుకుని మళ్లా కుట్టడమే. కాలేజీ ఫీజు కట్టల్ల గదా."

"అన్నీ చెప్పుకుంటుందే మీతో!"

"అమ్మకి గాక ఎవురికి చెప్తాది సార్?"

లోపలికి వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఉప్పు, కాస్త కొత్తిమీర. రెండు గుక్కలకే హరినాథ్‌కు ప్రాణం లేచి వచ్చింది. చాలా రోజుల తర్వాత ఒక ఫారం మీద జాలి కూడా కలిగింది.

'పనిచేసిన మాట నిజం. మొహమాటంతో చెప్పలేదు. అభ్యంతరం లేదు' అని రాశాడు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా."

"సంతకం రాదప్పా. ఏలిముద్ర ఏస్తా."

అతను స్టాంపు ప్యాడు మూత తీసి ముందుకు జరిపాడు.

ఆమె సిరాలో అద్దిన ఎడమ బొటనవేలి గోరు నడిమధ్యకు రెండుగా చీలి ఉంది.